పంటకాపునకు తుపాకి: కొనబోవు రైతు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

రామచంద్రపురము చుట్టుపట్ల కాపురముండి, గోదావరి కాలువల క్రింది మాగాణితోపాటు ప్రత్తిపాడు, జగ్గంపేట, ఏలేశ్వరము వైపున మెట్టభూములను సేద్యము చేయించు రైతుల యుపయోగార్థ మీ పత్రిక వ్రాయబడినది. మెట్టచేలలో కర్రపెండలము, మొక్కజొన్న, చెరకు, వేరుసెనగ మొదలగు పైరులకు అడవిపందులవలన కలుగు నష్టము మిక్కుటము. ఒక మంద ఒక రాత్రి చేనిలో దిగినచో తినునది కొంచెమును, త్రవ్వి త్రొక్కి పాడుచేయునది యెక్కువయును అగును. తెల్లవారి చేను చూచుకొన్న రైతునకు ఒక మంచి రైఫిలు కొనవలెనని తోచుట సహజము.

దీనికితోడు 2022 వ సంవత్సరము మే, జూను నెలలలో ప్రత్తిపాడు ప్రాంతమున పెద్దపులి తిరిగి పశువులను చంపినది. 2024 వ సంవత్సరము సెప్టెంబరు నెలలో రాజమహేంద్రవరము చెంతనున్న దివాన్‌చెరువు అడవికడ కనబడిన చిరుతపులి కడియము పూలతోటల వైపునకు వచ్చినది. ఈ వార్తలు విన్న పిదప, పెద్ద మృగములను కొట్టగల రైఫిలు తక్కువ వెలకు ఎచ్చట దొరకునని విచారించువారును గలరు. అట్టి రైతు రొక్కము చెల్లింపక మున్ను మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుకొనవలెను. చట్టము దేనిని కొట్టనిచ్చును? తన భూమికి ఏ జాతి తుపాకి తగును? రాత్రి చేనిలో ఆ తుపాకి ఎవరి చేతియందుండును? ఈ మూడింటికిని సరియైన యుత్తరము దొరకనిచో తుపాకి ఎంత చౌకయైనను అది నష్టపు బేరమే.

1. చట్టము

పూర్వము జమీందారులును దొరలును వేటకు లైసెన్సు పొంది పులులను, అడవిదున్నలను కొట్టుచుండిరి. ఆ కాలము గడచినది. 1972 వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన వేట కట్టుబాటునకు లోబడెను. 1991 వ సంవత్సరపు సవరణతో వేట లైసెన్సులను గూర్చిన సెక్షనులే తొలగింపబడెను. ఇప్పుడు వినోదమునకై ఏ పెద్ద మృగమును కొట్టుటకును ఎవరికిని హక్కు లేదు. పులి, చిరుతపులి, ఎలుగుబంటి, అడవిదున్న మొదటి అనుబంధమున జేరినవి. వీనిని చంపినవారికి మూడు సంవత్సరములకు తక్కువకాకుండ ఏడు సంవత్సరములవరకు ఖైదును, ఇరువదియైదువేల రూపాయలకు తక్కువకాని జరిమానాయును విధింపవచ్చును. కావున పులిభయముచే రైఫిలు కొనుట పనికిమాలినది. పులి కనబడినచో చేయవలసిన పని అటవీశాఖవారికి వెంటనే కబురుచేయుట, పశువులను పాకలో కట్టుట, రాత్రి ఒంటరిగా తిరుగకుండుట.

అడవిపంది సంగతి వేరు. 2022 వ సంవత్సరపు సవరణ 2023 ఏప్రిలు 1 వ తేదీనుండి అమలులోనికి వచ్చినది మొదలు ఈ జంతువు రెండవ అనుబంధమున నున్నది. ఇది మనుష్యుల ప్రాణమునకు గాని, నిలువుపైరులతో జేరిన ఆస్తికి గాని అపాయకరమైనదని తోచినపుడు, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయనచే అధికారము పొందిన యుద్యోగి గాని, కారణములు వ్రాసి దానిని కొట్టుటకు అనుమతి నీయవచ్చునని 11 వ సెక్షను చెప్పుచున్నది. అనుమతి వ్రాతమూలకముగా నుండవలెను. నోటిమాట చెల్లదు. అనుమతితో కొట్టిన పందియైనను ప్రభుత్వము సొత్తే గాని రైతుది కాదు. దాని మాంసము పంచుకొనుట, అమ్ముట నేరము.

2015, 2016 సంవత్సరములలో కేంద్రప్రభుత్వమువారు బీహారు, ఉత్తరాఖండు రాష్ట్రములందు కొన్ని జిల్లాలలో కొంతకాలముపాటు అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించిరి. అట్టి ప్రకటన దానియందు పేర్కొన్న చోటికిని గడువునకును మాత్రమే చెల్లును. ఎచ్చటనో చెల్లినదని విని ఇచ్చట తుపాకి పేల్చిన రైతు న్యాయస్థానమున తప్పించుకొనజాలడు.

ఊరపందులను గూర్చియు ఒక మాట. డెల్టాగ్రామములలో చేలబడు పందులు పెక్కు ఊరివారు పెంచుకొనునవి. అవి ఒకరి సొత్తు. వానిని కొట్టుట వేరొక నేరమగును. చీకటిలో రెండింటికిని భేదము తెలియుట కష్టము.

2. లైసెన్సు

తుపాకి లైసెన్సు 1959 వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి ఇయ్యబడును. దరఖాస్తుదారునకు ఇరువదియొక సంవత్సరములు నిండియుండవలెను. పోలీసువారి నివేదిక తెప్పించుకొని లైసెన్సు అధికారి తీర్మానము చేయును. ఆయుధమును జాగ్రత్తగా వాడుటయందు శిక్షణ పొందినట్లు ధ్రువపత్రము 2016 వ సంవత్సరపు నియమములచే కావలసియున్నది. లైసెన్సు గడువు పూర్వము మూడు సంవత్సరములు. 2019 వ సంవత్సరపు సవరణచే అయిదు సంవత్సరములైనది. ఆ సవరణచేతనే ఒక మనిషి కుంచుకొనదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి.

ఈ చట్టము 13 వ సెక్షనునందు రైతునకు ముఖ్యమగు విశేషమొకటి గలదు. నిజమైన పంటకాపునకు మూతినుండి మందు కూరెడు తుపాకికి లైసెన్సు ఇయ్యవలెననియు, అది చాలదని అధికారికి తోచినచో ఇరువది అంగుళములకు తక్కువకాని గొట్టముగల వేరు నున్నగొట్టపు తుపాకికి ఇయ్యవచ్చుననియు అందు గలదు. రైఫిలు ఈ వరుసలో లేదు. రైఫిలు కోరువాడు తగిన కారణము వేరుగా రుజువు చేసికొనవలెను. కావున పంటకాపునకు దరఖాస్తు పెట్టుకొను రైతునకు చట్టమే త్రోవ చూపుచున్నది.

తాతలనాటి తుపాకి ఇంట నున్నవారు కొందరు లైసెన్సుదారు చనిపోయిన పిదపను దానిని పెట్టెలోనే యుంచుకొందురు. ఇది తప్పు. తుపాకిని వెంటనే పోలీసు స్టేషనులో గాని లైసెన్సుగల వ్యాపారికడ గాని దాఖలుచేసి, వారసుడు తన పేర లైసెన్సునకు దరఖాస్తు చేసికొనవలెను. లైసెన్సు లేక తుపాకి యుంచుకొన్నవానికి రెండు సంవత్సరములకు తక్కువకాని ఖైదు గలదు. నాటుతుపాకి చౌకయని కొనువాడును ఈ శిక్షకు పాత్రుడే.

3. రైఫిలునకును నున్నగొట్టపు తుపాకికిని భేదము

రైఫిలు గొట్టము లోపల మరచుట్టువలె తిరిగిన గాడులుండును. గుండు ఆ గాడులను పట్టుకొని బొంగరమువలె తిరుగుచు పోవుటచే దూరము తప్పక చేరును. నున్నగొట్టపు తుపాకిలో గాడులు లేవు. అందు పెక్కు రవ్వలు గల తూటాను గాని, ఒంటిగుండు తూటాను గాని పేల్చవచ్చును. రవ్వలు విరిసిపోవుటచే దగ్గరి గురికి అనుకూలము, దూరమునకు పనికిరాదు.

మనదేశమున సాధారణముగా దొరకు రైఫిలు 315 బోరుది. దాని గొట్టపు రంధ్రము సుమారు 8 మిల్లీమీటర్లు. బంగాళమునందలి ఈశాపురము రైఫిలు కర్మాగారమున ఇది తయారగుచున్నది. ఆంగ్లప్రభుత్వ కాలమున సైన్యము వాడు 303 బోరు ప్రజలకు నిషేధింపబడుటచే, వేటకాండ్రకై ఈ కొలత ప్రచారమునకు వచ్చినది. 303 బోరు ఇప్పటికిని నిషిద్ధబోరులలోనిదే. ఇట్టి రైఫిలును ఎవరైన చౌకగా నిచ్చెదమన్నచో రైతు దాని జోలికి పోరాదు. 22 బోరు రైఫిలు చిన్నది, వెల తక్కువ, తూటాయు చౌక. కాని దాని గుండు నలువది గ్రెయినులు మాత్రమే తూగును. దానితో అడవిపందిని కొట్టినచో జంతువు చావక గాయముతో పారిపోయి, ఎదురైనవానిని చీల్చును.

నున్నగొట్టపు తుపాకులలో వాడుకలోనున్నది 12 బోరు. ఒక పౌను సీసమును పండ్రెండు సమాన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు సరిగా పట్టునంత రంధ్రము గలది గనుక దానికా పేరు. పంది వంటి జంతువునకు ఎల్.జి. యను పెద్దరవ్వల తూటాయో, ఒంటిగుండు తూటాయో తగును. పెద్దరవ్వలు ముప్పది గజములలోపలను, ఒంటిగుండు ఏబది గజములలోపలను మాత్రమే నమ్మదగినవి. రాత్రి చేనిగట్టున కావలియుండువానికి అంతకు మించిన దూరమున జంతువు స్పష్టముగా కనబడదు గనుక ఈ కొరత కొరత కాదు.

4. చదునునేలపై రైఫిలువలని యపాయము

సర్ ఆర్థరు కాటను దొరగారు 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట ఈ డెల్టా అంతయు వరిచేలును కొబ్బరితోటలును గ్రామములును అయినది. గుండు నాపుటకు కొండ గాని మిట్ట గాని లేదు. 22 బోరు చిన్నగుండే ఒక మైలు దాటి పోగలదు. 315 బోరు గుండు అంతకంటెను దూరము పోయి మనిషిని చంపగలదు. ఒక మైలు అనగా 1760 గజములు. రామచంద్రపురమునుండి ద్రాక్షారామము పోవు త్రోవలో ఏ చేనిలో నిలిచి చూచినను ఆ దూరములోపల ఇండ్లు, రోడ్డు, కళ్లము, కాలువగట్టున నడచువారు ఉండక మానరు.

నీరు నిలిచిన మడిపై తక్కువ వాలుగా తగిలిన గుండు భూమిలో దిగక, నీటిమీద విసరిన పెంకువలె ఎగిరి వేరొక దిక్కునకు పోవును. వరిపొలములలో ఈ యపాయము నిత్యము గలదు. మెట్టభూములందును జీడితోటల నడుమ కాపలావాండ్ర పాకలు, రాత్రి నీరు పెట్టుటకు వచ్చువారు ఉందురు. అందుచేత ఎచ్చటనైనను మంచెపైనుండి క్రిందికి వాలుగా, గుండు నేలలో దిగునట్లు మాత్రమే పేల్చవలెను. చప్పుడైన దిక్కునకు, కదలిన పొదకు పేల్చరాదు. జంతువును పూర్తిగా గుర్తించి, దానివెనుక నేమున్నదో తెలిసికొన్న పిదపనే వ్రేలు మీటపై పెట్టవలెను.

5. తుపాకి ఎవరి చేతియందుండును?

ఇది పెక్కురు మరచు ప్రశ్న. రైతు రామచంద్రపురమున నిద్రించును. మెట్టచేనికడ రాత్రి మేలుకొనువాడు పాలేరు. లైసెన్సు రైతు పేర నున్నది. పాలేరు చేతికి తుపాకి నిచ్చినచో ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును నేరస్థులగుదురు. ఏదైన ప్రాణాపాయము జరిగినచో ఆ పేదవాని కుటుంబము దిక్కులేనిదగును, యజమానియు న్యాయస్థానము చుట్టు తిరుగవలసివచ్చును. ఇయ్యకున్నచో తుపాకి బీరువాలో నుండును, పందులు చేనిలో నుండును.

కావలివానికి తుపాకి నప్పగింపదలచినవాడు లైసెన్సు అధికారికి తెలిపి, ఆ మనిషి పేరును లైసెన్సులో వ్రాయించుకొనవలెను. ఆ మనిషియు తుపాకి వాడుటలో శిక్షణ పొందినవాడును, త్రాగుడు అలవాటు లేనివాడును అయియుండవలెను. అట్టివాడు లేనియెడల, తాను స్వయముగా రాత్రులు మంచెపై నుండజాలనియెడల, ఏ తుపాకియు కొనకుండుటయే మేలు.

6. ఖరీదు లెక్క

తుపాకి ఖరీదు అంగడిలో చెప్పిన వెల మాత్రమే కాదు. లైసెన్సు రుసుము, శిక్షణ, ప్రయాణములు, తాళము వేయదగిన ఇనుపపెట్టె, తూటాలు, నూనె, మరమ్మతు, అయిదేండ్లకొకసారి లైసెన్సు మార్పు, ఎన్నికల కాలమున స్టేషనులో దాఖలుచేసి మరల తెచ్చుకొనుట, ఇవియన్నియు కలుపుకొనవలెను.

నష్టమును కూడ లెక్కింపవలెను. ఒక రైతునకు ఐదెకరముల కర్రపెండలము గలదనియు, ఏటేట అంచుననున్న అరయెకరము పందుల పాలగుచున్నదనియు అనుకొందము. పదేండ్లలో పోవునది ఐదెకరముల ఒక సంవత్సరపు ఫలము. పది సంవత్సరముల తుపాకి ఖర్చు దీనికి మించినచో బేరము నష్టము. అరయెకరము పోవుట పూర్తిగా నిలుచునో లేదో కూడ ఆలోచింపవలెను. ఒక పందిని కొట్టినంత మాత్రమున మంద రాక మానదు.

వెలలో మూతినుండి మందు కూరెడు తుపాకి అన్నిటికంటె తక్కువ. దాని మందునకు లైసెన్సు వేరుగా చూచుకొనవలెను. ఒకసారి పేలిన పిదప మరల కూరుటకు ఆలస్యమగును, వానలో మందు తడిసి పేలదు. పందులను బెదరించుటకు, లైసెన్సు షరతులకు లోబడి, గుండు లేక మందు మాత్రము పేల్చుటకు ఇది చాలును. తరువాతిది ఒంటిగొట్టపు 12 బోరు. ఇది తేలిక, మరమ్మతు తక్కువ, తూటాలు ఈ దేశముననే తయారగును. జంటగొట్టములది రెండవ దెబ్బకు పనికివచ్చును గాని వెల హెచ్చు. రైఫిలు వెలయు దాని తూటా వెలయు వీనికంటెను హెచ్చు.

ఇంగ్లండు గొప్ప కంపెనీల పాత రైఫిలులను చూచి మోహపడరాదు. విదేశపు తుపాకుల దిగుమతి 1980 పదులనుండి సామాన్యులకు కట్టుబడినందున వాని వెలలు పెరిగియున్నవి. పైగా వాని తూటాలు దొరకవు. తూటా దొరకని తుపాకి ఇనుపకడ్డీతో సమానము. ఏ బోరు కొన్నను, దాని తూటా కాకినాడలోనో రాజమహేంద్రవరములోనో ఎల్లప్పుడు దొరకునా యని ముందుగా విచారింపవలెను.

7. పాత తుపాకిని పరీక్షించు విధము

మొదట తుపాకి ఖాళీగా నున్నదని కన్నులార చూచి నిశ్చయించుకొనవలెను. తుపాకిపైనున్న నంబరును అమ్మువాని లైసెన్సులోని నంబరుతో పోల్చవలెను. పిదప గొట్టమును వెలుతురువైపు పట్టి లోపల చూడవలెను. త్రుప్పుగుంటలు, సొట్టలు, ఉబ్బు ఉన్నచో కొనరాదు. ఉబ్బిన గొట్టము ఎన్నడో లోపల అడ్డుపడి పేలినదనుటకు గురుతు. గొట్టము మడమభాగముతో కలియుచోట సందు కనబడినను, పట్టి ఊపిన కదలినను పనికిరాదు. సుత్తి ఎత్తి బొటనవ్రేలితో నెట్టినచో పడిపోవు తుపాకి తనంతట పేలును. కొయ్యమడమ సన్నమగుచోట బీటలున్నవేమో చూడవలెను.

గొట్టముపై అలలవంటి చారలున్న మిక్కిలి పాత తుపాకులు ఇనుము ఉక్కు పేనివేసి చేసినవి. అవి నల్లమందునకే చేయబడినవి. వానిలో ఇప్పటి పొగరాని మందు తూటాలు పేల్చినచో గొట్టము పగిలి వ్రేళ్లు పోవును. తూటా నిడివి 65 మిల్లీమీటర్లకు చేసిన గొట్టమున 70 మిల్లీమీటర్ల తూటా పెట్టుటయు అపాయకరము. ఈ పరీక్షలు తెలిసిన లైసెన్సుగల తుపాకిపనివానిచే చేయించుట ఉత్తమము.

8. భద్రత

సముద్రమునకు చేరువనున్న ఈ ప్రాంతపు గాలిలో ఉప్పును తేమయును హెచ్చు. పేల్చిన దినముననే గొట్టము తుడిచి నూనె రాయవలెను. నల్లమందు వాడినచో దాని మసి తేమను పీల్చి త్రుప్పు పట్టించును గనుక వేడినీటితో కడిగి ఆరవేసి పిదప నూనె రాయవలెను. తుపాకి నొకచోటను తూటాలను వేరొకచోటను తాళములో నుంచవలెను. బోదె దాటునపుడు, గట్టెక్కునపుడు, మంచె ఎక్కునపుడు తూటా తీసివేయవలెను. మూతిలో బురద దూరినచో తీయక పేల్చరాదు, గొట్టము పగులును.

9. తుపాకి లేని కాపుదల

హైదరాబాదు రాజేంద్రనగరునందలి వ్యవసాయ విశ్వవిద్యాలయమున పంటలకు హానిచేయు జంతువులను గూర్చి పరిశోధన జరుగుచున్నది. వారు తెలిపిన యుపాయములలో కొన్ని రైతులకు సులభమైనవి. పైరునకు ఒక అడుగు దూరమున, నేలకు ఒక అడుగు ఎత్తున చుట్టలు చుట్టిన ముండ్లతీగ వేయుట వానిలో నొకటి. వేరుసెనగ చుట్టు కుసుమపంటను, మొక్కజొన్న చుట్టు ఆముదమును దట్టముగా విత్తుటయు, గంధకము కలిపిన పందికొవ్వులో ముంచిన కొబ్బరితాళ్లను చేనిచుట్టు కట్టుటయు మరికొన్ని. కొబ్బరిపీచు ఈ సీమలో కొరవలేదు. ఒకే యుపాయమును పెక్కుకాలము వాడినచో పందులు దానికి అలవాటుపడును గనుక మార్చుచుండవలెను.

ఇంటి కరెంటును తీగలకు కలుపుట మాత్రము ఎన్నడును చేయరాదు. దానివలన చచ్చినవారిలో ఆ చేని యజమానులును, కూలివాండ్రును, పొరుగువారి పశువులును గలవు. బ్యాటరీతో చిన్న తాకుడు మాత్ర మిచ్చు సౌరకంచె వేరు. దానిని తెలిసినవారిచే అమర్పించుకొనవచ్చును. ఎరలో పెట్టు నాటుబాంబులును నేరమే. పైరు పోయినచో అదే దినమున ఫోటోలు తీయించి, అటవీ, వ్యవసాయ శాఖల యుద్యోగులకు తెలిపి పరిహారమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆ కాగితములే తరువాత పందులను కొట్టుటకు అనుమతి కోరునపుడును రుజువుగా పనికివచ్చును.

10. సారాంశము

ఈ సీమ రైతునకు పెద్ద మృగముల రైఫిలు అవసరము లేదు. కొట్టుటకు అనుమతింపబడిన పెద్ద మృగము లేదు, గుండు నాపు కొండ లేదు. మెట్టచేనికి మొదట కంచె, పిదప కావలి, వ్రాతమూలకమగు అనుమతి, ఆపైన తుపాకి అను వరుస పాటింపవలెను. తుపాకి తప్పదని తేలినచో ఒంటిగొట్టపు 12 బోరు చాలును. అదియు చేనికడ స్వయముగా మేలుకొనువాడు, లేక లైసెన్సులో పేరు వ్రాయబడిన నమ్మకస్థుడు ఉన్నపుడే. ఈ వరుస తప్పించి ముందుగా తుపాకి కొన్నవాడు పంటను కాచుకొనజాలడు సరికదా, తుపాకిని కాచుకొనుటయే అతనికొక పనియగును.